తర్వాత గీసిన చిత్తుబొమ్మలు

పాఠ్యపుస్తకాల ఆఫీసులో అందరూ ఆమెను స్కేలమ్మ అనేవాళ్లు. ఆ పేరు పెట్టింది పక్క బల్ల దగ్గర మ్యాపులు గీసే పెద్దమనిషి. ఆయనకు పని తక్కువ, వేళాకోళం ఎక్కువ. అయితే ఈ ఒక్క పేరు మాత్రం అతికినట్టు కుదిరింది. స్కేలు చేతిలో లేనిదే ఆమె గీత గీసేది కాదు. మనిషి గుండె అడ్డుకోత, పువ్వు నిలువుకోత, దవడలో పళ్ల వరస, కప్ప జీర్ణాశయం, అన్నీ ఆమె చేతి మీదుగానే బడిపిల్లల పుస్తకాల్లోకి వెళ్లేవి. బాణం గీసి పక్కన పేరు రాసిందంటే ఆ బాణం మొన వెంట్రుకవాసి కూడా పక్కకు జరిగేది కాదు. పన్నెండేళ్లలో ఆమె బొమ్మలో తప్పు పట్టుకున్నవాళ్లు లేరు.

అలాంటి మనిషికి ఓ కోరిక ఉండేది. చిన్నపిల్లల బొమ్మల పుస్తకాలకు బొమ్మలు వెయ్యాలని. బాణాలూ పేర్లూ లేని బొమ్మలు. పేజీ నిండా రంగులు, కింద రెండు ముక్కల మాటలు, పిల్లలు ఒళ్లో కూర్చుని వేలుపెట్టి చూపించే పుస్తకాలు. ఆ కోరిక ఆమె ఎవరితోనూ అనలేదు. కానీ ఇంట్లో అత్తగారు కనిపెట్టేసింది. ఆవిడ దగ్గర ఏదీ దాగదు. "ఏమిటమ్మాయ్, ఆదివారం పూట కూడా కప్పలేనా?" అని వచ్చి తొంగిచూసి, కాగితం మీద టోపీ పెట్టుకున్న కప్పను చూసి వెళ్లిపోయింది.

ఆ ఇంట్లో వంటగది పక్క గది స్కేలమ్మది. కిటికీ కింద బల్ల, బల్ల మీద లైటు పెట్టె. గాజు మూత, లోపల ట్యూబులైటు. ఒక బొమ్మ మీద ఇంకో కాగితం పరిచి లైటు వేస్తే అడుగున ఉన్న గీతలు పైకి కనిపిస్తాయి. పాత పటాలకు నకళ్లు తియ్యడానికి ఆఫీసువాళ్లు ఇచ్చారు. బల్ల కింద మాత్రం ఆరేళ్ల కూతురి రాజ్యం. భర్త రైల్లో గార్డు, ఇంట్లో ఉండే రోజులు తక్కువ. ఉన్నప్పుడల్లా కూతురు అతని చుట్టూ తిరుగుతూ వాగుతూనే ఉండేది కాబట్టి పిచ్చుక అని పిలిచేవాడు. అదే అందరికీ అలవాటైపోయింది. పిచ్చుక ఆ బల్ల కింద బోర్లా పడుకుని, తల్లి పాడుచేసిన కాగితాల వెనకవైపు, ఒక్కోసారి మంచివాటి వెనక కూడా, బొమ్మలు వేసుకునేది.

ఒకరోజు స్కేలమ్మ ధైర్యం చేసింది. ఏడాదిగా దాచుకున్న ఇరవై బొమ్మలు అట్ట సంచిలో పెట్టుకుని, పిల్లల పుస్తకాలు వేసే ప్రచురణాలయానికి వెళ్లింది. సైకిళ్ల దుకాణం పైన మూడో అంతస్తు. అక్కడి ఎడిటరమ్మ కళ్లజోడు నెత్తి మీదకు తోసుకుని ఒక్కో బొమ్మా చూసింది. తొందరపడలేదు. అన్నీ అయ్యాక కుక్క బొమ్మను వేరే తీసి పెట్టింది.

"చెయ్యి బాగా తిరిగిందమ్మా మీకు. ఈ కుక్కను చూసి పశువుల డాక్టరు మందు రాసిచ్చేస్తాడు. కానీ దీనికి ఏ పిల్లా పేరు పెట్టదు."

స్కేలమ్మకు తల కొట్టేసినట్టయింది. కాగితాలు గబగబా పోగేసుకుంటుంటే ఒకటి జారి తిరగబడింది. దాని వెనక ఇంకో కుక్క ఉంది. నాలుగు కాళ్లూ ఒకే పక్కన, ఒక చెవి అరచేతంత, ఇంకో చెవి గోరంత, మొహం మన వైపు తిప్పి ఏదో అడగబోతున్నట్టు. ఎడిటరమ్మ దాన్ని తీసుకుని ఫక్కున నవ్వింది. నవ్వి, కళ్లజోడు కిందకు దించుకుని మళ్లీ చూసింది.

"ఇదెవరు వేశారు?"

స్కేలమ్మ నీళ్లు నమిలింది. "అది... ఊరికే అండీ. చూపిద్దామని తెచ్చింది కాదు."

"ఇదే తేవలసింది! మీలాంటి చెయ్యి ఉన్నవాళ్లు ఇలా పగ్గాలు వదిలెయ్యడం ఎంత కష్టమో నాకు తెలుసు. బస్సెక్కిన కుక్క కథ ఒకటి ఉంది నా దగ్గర. ఇదే చేత్తో పదహారు పేజీలు వేసి తెండి."

అబద్ధమైతే ఆడలేదు కదా అని మెట్లు దిగుతూ స్కేలమ్మ తనకు తాను చెప్పుకుంది. మూడంతస్తులూ చెప్పుకుంటూనే దిగింది. వెనక్కి తిరిగి ఎక్కడానికి అప్పట్లో ఆమెకు మోకాళ్ల నొప్పులు కూడా లేవు.

మొదట పది రోజులు తనే ప్రయత్నించింది, ఆ మాట ఒప్పుకోవాలి. స్కేలు సొరుగులో పెట్టి తాళం వేసింది. ఎడమచేత్తో వేసింది, కళ్లు మూసుకుని వేసింది. ఎలా వేసినా కుక్కకు ఎముకలు సరిగ్గా కుదిరి కూర్చునేవి. పదకొండో రోజు పిచ్చుకను ఒళ్లో కూర్చోబెట్టుకుని, "ఒక కుక్క బస్సెక్కిందట. ఎలా ఎక్కిందో గీసి చూపించు నాన్నా" అంది.

పిల్ల ఎగిరి గంతేసింది. పెద్దబల్ల మీద, అమ్మ పెన్సిళ్లతో, అమ్మ పక్కనే! ఆ మూడు వారాలూ ప్రతి సాయంత్రం వాళ్లిద్దరూ అలాగే కూర్చున్నారు. పిచ్చుక బస్సు లోపల సూర్యుణ్ణి గీసింది.

"సూర్యుడు బస్సులో ఎందుకున్నాడే?"

"బయట ఎండగా ఉందని లోపలికొచ్చాడు."

బస్సు అడుగున జనం కాళ్లన్నీ వరసగా వేలాడదీసింది. అదేమిటని అడిగితే, "కాళ్లు చూపించకపోతే వాళ్లకు కాళ్లు లేవనుకోరూ?" అంది. నవ్వీ నవ్వీ స్కేలమ్మకు కళ్లలో నీళ్లొచ్చేవి. అంత సంతోషం ఆ ఇంట్లో అంతకుముందు లేదు, ఆ తర్వాత రాలేదు.

ఆఫీసుకు సెలవు పెట్టింది. పగలు పిల్ల బడికి వెళ్లాక లైటు పెట్టె వెలిగేది. స్కేలమ్మ పిల్ల బొమ్మ మీద మంచి కాగితం పరిచి గీత గీతా దింపుకునేది. ఇక్కడ కాస్త జరిపి, అక్కడ కాస్త దిద్ది, రంగులు వేసేది. ఒక మధ్యాహ్నం అత్తగారు మజ్జిగ గ్లాసు పట్టుకుని వచ్చి అలాగే నిలబడిపోయింది.

"అవి పిల్ల బొమ్మలేగా అమ్మాయ్?"

"నేను సరిచేస్తున్నానుగా అత్తయ్యా."

"సరిచేస్తే దానివి కాకుండా పోతాయా? తీసుకోవద్దని అనను. దానికి చెప్పి తీసుకో. పుస్తకం మీద దాని పేరు కూడా వెయ్యమను."

"ఆరేళ్ల పిల్ల వేసిందని తెలిస్తే రెండో పుస్తకానికి నన్నెవరు పిలుస్తారు చెప్పండి?"

అత్తగారు గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్లింది. మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఎత్తి ఉంటే ఎంత బాగుండేదని తర్వాత తర్వాత స్కేలమ్మ అనుకునేది. తను చేసినదానికి చనిపోయిన ముసలావిడను తప్పుపట్టడం ఎంత సులువు!

ఆ ప్రచురణాలయంలో ఒక పద్ధతి ఉండేది. పూర్తయిన బొమ్మలతో పాటు చిత్తుబొమ్మలు కూడా ఇవ్వాలి. బొమ్మ ఎక్కడ మొదలై ఎలా ఎలా మారిందో ఎడిటరమ్మ చూసేది, తర్వాత బీరువాలో దాచేది. స్కేలమ్మ దగ్గర చిత్తులెక్కడివి? పిల్ల ఒక్కసారే గీసేది, ఒక్కసారికే వచ్చేసేది. దాంతో అసలు బొమ్మలన్నీ పూర్తయ్యాక కూర్చుని చిత్తులు గీసింది మహాతల్లి. మొదటి కుక్క అచ్చం పశువుల డాక్టరుకు చూపించేలా ఉంది. రెండోదాని చెవి కొంచెం సాగింది. మూడోదాని వెనకకాలు ముందుకు జరిగింది. అలా ఒక్కో అవయవం సడలించుకుంటూ పదకొండో కుక్క దగ్గరకు వచ్చేసరికి పిచ్చుక కుక్క తయారైంది. మధ్యలో రబ్బరుతో చెరిపిన మరకలు, మార్జిన్లో "చెవి ఇంకా పెద్దది?" అని తనకు తనే వేసుకున్న ప్రశ్నలు, మూలన రెండు నెలల వెనక నుంచి వరసగా తేదీలు. పన్నెండేళ్ల అనుభవమంతా పెట్టి చేసిన పని అది. ఆమె జీవితంలో అంత జాగ్రత్తగా గీసిన బొమ్మలు మరి లేవు.

ఎప్పుడైనా ఎడిటరమ్మ ఇంటికొస్తే చూస్తుందేమోనని పిల్ల వేసిన కాగితాలన్నీ చింపి, బకెట్టులో నానబెట్టి, ముద్దచేసి పారేసింది.

"నా బొమ్మలేవమ్మా?" అని పిచ్చుక అడిగింది.

"పుస్తకంలోకి వెళ్లాయి నాన్నా."

పిల్ల నమ్మింది. నమ్మకుండా ఎలా ఉంటుంది, అది నిజమే కదా.

పుస్తకం వచ్చింది. అట్ట మీద కుక్క, కుక్క కింద స్కేలమ్మ పేరు. వారం తిరక్కుండా బడి నుంచి కబురొచ్చింది. వెళ్లేసరికి టీచరమ్మ పుస్తకం పట్టుకుని నిలబడి ఉంది. పక్కన పిచ్చుక, వెనక బెంచీల నిండా పిల్లలు.

"మీరు వేసిన బొమ్మలు చాలా బాగున్నాయండీ. కానీ మీ పాప ఇవన్నీ తనే వేశానని క్లాసంతా చెప్పుకుంటోంది. మీ పేరు చూపించినా వినదు. మా అమ్మే చెప్పింది, నా బొమ్మలు పుస్తకంలోకి వెళ్లాయని, అంటుంది."

పిచ్చుక తల్లి మొహంలోకి చూసింది. ఆ చూపులో భయం లేదు. అమ్మ వచ్చేసింది, ఇక చెప్పేస్తుంది అన్నట్టు చూసింది.

స్కేలమ్మ నవ్వింది. ఆ నవ్వు ఎలా వచ్చిందో ఆమెకు ఇప్పటికీ తెలియదు. "చిన్నపిల్ల కదండీ. నా పక్కనే కూర్చుని గీస్తుంది. అన్నీ తనే వేశాననుకుంటుంది."

"అయితే మీరూ ఒక మాట చెప్పండి. ఇప్పుడే మానిపించకపోతే అలవాటైపోతుంది."

స్కేలమ్మ వంగి కూతురి గడ్డం పట్టుకుంది. "అలా అబద్ధాలు చెప్పకూడదు నాన్నా" అంది. క్లాసంతా వింది.

పిచ్చుక ఏడవలేదు. దారిపొడుగునా తల్లి చెయ్యి పట్టుకునే నడిచింది. మర్నాడు సాయంత్రం బల్ల కిందకు రాలేదు. స్కేలమ్మ కొత్త పెన్సిళ్లు ముందు పెట్టి, "పిల్లిని గీద్దామా?" అని బతిమాలితే, "నాకు రాదమ్మా" అని వెళ్లి నాయనమ్మ పక్కన కూర్చుంది. ఆ మాట మీదే ఉండిపోయింది. బడిలో డ్రాయింగు పీరియడ్లో కూడా నిలువు గీతలు గీసి ఇచ్చేదట.

స్కేలమ్మ మాత్రం నిజంగానే పిల్లల పుస్తకాల చిత్రకారిణి అయింది. ఆ పిల్ల గీతను అన్నిసార్లు దింపుకోవడంలో చేతికి ఏదో పట్టుబడింది. రెండో పుస్తకం సొంతంగా వేసింది, మూడోది ఇంకా బాగా వేసింది. పాఠ్యపుస్తకాల ఉద్యోగం మానేసింది. మొత్తం పద్నాలుగు పుస్తకాలు. వాటిలో పదమూడింటికి ఆమె ఎవరికీ జవాబు చెప్పుకోనక్కరలేదు. అయినా బస్టాపులో ఏ పిల్ల చేతిలోనైనా ఆ మొదటి పుస్తకం కనిపిస్తే తల తిప్పేసుకునేది.

చెప్పేద్దామని చాలాసార్లు అనుకుంది. పిల్లకు పదేళ్లు రానీ అనుకుంది. పది వచ్చాక పరీక్షలు అవనీ అనుకుంది. పిచ్చుకకు పదహారో ఏట ప్రచురణాలయంవాళ్లు చిన్న ప్రదర్శన పెట్టారు. పుస్తకం ఎలా పుడుతుందో చూపిస్తామని బీరువాలోంచి చిత్తులు తీసి గోడకు అంటించారు. పదకొండు కుక్కలు, వరసగా, తేదీలతో సహా. తల్లి వెంట వచ్చిన పిచ్చుక వాటి ముందు చాలాసేపు నిలబడింది. ఒకటో కుక్క నుంచి పదకొండో కుక్క దాకా నడిచి, మళ్లీ వెనక్కి వచ్చి, మళ్లీ నడిచింది. స్కేలమ్మ తలుపు దగ్గరే నిలబడింది. అందరి ముందూ కడిగేస్తుంది, కడిగేస్తే బాగుండు అని కూడా అనుకుంది.

పిల్ల దగ్గరకొచ్చి, "ఎంత కష్టపడ్డావమ్మా!" అంది. అంతే.

అది ఎత్తిపొడుపు అనుకుని స్కేలమ్మ మూడు రోజులు కూతురి మొహం చూడలేకపోయింది. కానీ ఆ తర్వాత పిచ్చుక మెత్తబడింది. పదేళ్లుగా ముక్తసరిగా మాట్లాడే పిల్ల, పక్కన వచ్చి కూర్చోవడం, జడ వెయ్యమనడం మొదలుపెట్టింది. క్షమించింది కాబోలు అనుకుంది స్కేలమ్మ. అంత హాయి ఇంకేముంది! క్షమించాక తవ్వుకోవడం దేనికని ఊరుకుంది. ఆ ఊరుకోవడం ఇంకో పదమూడేళ్లు సాగింది. ఈలోగా భర్త కూడా పోయాడు.

ఇప్పుడు పిచ్చుకకు ఇరవై తొమ్మిది. ఆసుపత్రి ల్యాబులో రక్తం స్లైడులు చూసే పని. మాట తక్కువ. ఏ రిపోర్టైనా రెండుసార్లు తను చూసి, మూడోసారి పక్కవాళ్లకు చూపిస్తేగానీ సంతకం పెట్టదు. "నేను నిన్న ఈ మాట అన్నానా? నిజంగా అన్నానా?" అని అడుగుతుందని తోటివాళ్లు ఆటపట్టిస్తారు. స్కేలమ్మ అది జాగ్రత్తపరుల గుణం అనుకుని మురిసిపోయేది.

పోయిన వారం ప్రచురణాలయం నుంచి ఫోనొచ్చింది. బస్సెక్కిన కుక్కను మళ్లీ అచ్చు వేస్తున్నారట, పేర్ల పేజీ ఒకసారి చూసి పంపమన్నారు. ఆ పేజీ చేతికొచ్చాక స్కేలమ్మ రెండు రోజులు దాని చుట్టూ తిరిగింది. మూడో రోజు తన పేరు పైన కూతురి పేరు రాసింది. ఎడిటరమ్మ ఎప్పుడో పోయింది, ఇప్పుడున్న కుర్ర ఎడిటరుకు ఫోను చేసి జరిగింది చెప్పేయాలనీ నిశ్చయించుకుంది. ముందు పిల్ల దగ్గర ఒప్పుకోవాలి కదా అని ఆ కాగితం పట్టుకుని ఆదివారం పగలు కూతురి ఇంటికి వెళ్లింది.

పిచ్చుక గిన్నెలు కడుగుతోంది.

"ఆ కుక్క పుస్తకం బొమ్మలు నీవేనే" అంది స్కేలమ్మ, గుమ్మంలో నిలబడే.

పిచ్చుక నవ్వింది. "ఇప్పుడెందుకమ్మా అది! టీచరు ముందు నీ పరువు ఎంత తీశానో అప్పట్లో."

"నువ్వు తియ్యలేదు. నువ్వు చెప్పింది నిజం. అబద్ధం ఆడింది నేను."

పిచ్చుక కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకుంటూ వచ్చి తల్లిని కుర్చీలో కూర్చోబెట్టింది.

"అమ్మా, నేనూ అలాగే అనుకునేదాన్ని. నీ పక్కన కూర్చుని నేనే వేసినట్టు ఎంత బాగా గుర్తుండేదో! పదహారేళ్లు వచ్చేదాకా నీ మీద లోపల్లోపల ఉడికిపోయేదాన్ని, నా తల్లే నన్ను దొంగను చేసిందని. తర్వాత ఆ గోడ మీద చూశాగా. నువ్వు రెండు నెలలు ఎంత తంటాలు పడ్డావో. అప్పుడు తెలిసింది, నా బుర్రను నేను నమ్మకూడదని. నిన్ను అన్నేళ్లు అనవసరంగా ద్వేషించానని ఎంత ఏడ్చానో నీకు తెలియదు."

స్కేలమ్మ తల అడ్డంగా ఊపింది.

"అవి దొంగ చిత్తులే. అన్నీ అయిపోయాక గీశాను."

"చిత్తు ఎవరైనా తర్వాత గీస్తారా అమ్మా?"

"నేను గీశాను. నీ బొమ్మలు చింపి పారేశాను. సూర్యుణ్ణి బస్సులో ఎందుకు పెట్టావో చెప్పావు, గుర్తులేదూ? బయట ఎండగా ఉందని లోపలికొచ్చాడన్నావు."

"ఆ మాట పుస్తకంలోనే ఉంది కదమ్మా."

ఉంది. స్కేలమ్మే ఎడిటరమ్మకు చెప్పి వేయించింది. కాళ్ల మాటా ఉంది. పిల్ల నోట వచ్చిన ముత్యమంత మాట కూడా వదలకుండా తీసుకెళ్లి అచ్చు వేయించింది. ఇది నీదని చూపించడానికి ఇప్పుడు ఆమె దగ్గర ఒక్కటీ మిగల్లేదు. నిజమేనే, నీ మీద ఒట్టు అంది. మీ నాయనమ్మ చూసింది అంది. లేని మనుషుల పేర్లు చెబుతున్నానని తనకే సిగ్గేసింది.

పిచ్చుక ఆమె చేతిలోని కాగితం తీసుకుని చూసింది. తన పేరు చదివింది. పెన్ను తీసి ఆ పేరు మీద అడ్డంగా కొట్టేసి, కాగితం తల్లికే ఇచ్చేసింది.

"వద్దమ్మా. నాకు పేరు రావాలని నీకుంది, నాకు తెలుసు. కానీ అప్పుడు ఆ అబద్ధం చెప్పి క్లాసంతటి ముందూ నిలబడ్డాను. మళ్లీ నాచేత చెప్పించకు."

స్కేలమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. తల్లి ఎందుకు ఏడుస్తోందో తనకు తెలుసనుకుని పిచ్చుక ఆమె వీపు నిమురుతూ కూర్చుంది.